పెద్దావిడ చెంచా

జనవరి 9

చెవిటి మారాజుకి,

నీకు ఫోను చేసి గొంతు చించుకోవడం కంటే కాగితం ఖర్చు పెట్టుకోవడమే నయమని మీ అక్క తేల్చేసింది. ముప్పై ఏళ్లు సమ్మెట కొట్టినవాడి చెవిలో అరిస్తే మా వీధంతా వింటుంది గానీ నువ్వు మాత్రం వినవు. అందుకే ఈ ఉత్తరం.

విశేషం ఏమిటంటే నీ బావ కూడా కమ్మరి అయ్యాడు. నవ్వడం అయ్యాక మిగతాది చదువు. వాచీల కొట్టు మూసేసి ఎనిమిది నెలలైంది కదా, ఇంట్లో కూర్చుంటే ఏమీ తోచలేదు. వెనక బట్టలుతికే రేకుల షెడ్డులో కొలిమి పెట్టాను. పాత లారీ బ్రేకు డ్రమ్ములో బొగ్గు పోసి, దానికి ఒక గొట్టం బిగించి, మీ అక్క జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో గాలి కొడుతున్నాను. తను దాన్ని వాడటం ఎప్పుడో మానేసిందిలే. రైలు పట్టా ముక్క ఒకటి దొరికింది, దాన్నే దాగలిగా పెట్టుకుని కొడుతున్నాను.

ఇప్పటికి బట్టలు తగిలించే కొక్కేలు నాలుగు చేశాను. మూడు ఒక పోలికలో వచ్చాయి. నాలుగోది చూసి మీ అక్క "ఇది కొక్కెమా, వానపామా?" అంది. నాలుగింటినీ గోడకు నడుమెత్తులో బిగించేశాను.

ఇప్పుడు అసలు సంగతి. పక్క వీధిలో ఒక పెద్దావిడ ఉంది. చేతుల్లో పట్టు తగ్గింది. తలుపు గడియ వేళ్లతో పని లేకుండా మోచేత్తో తెరుచుకునేలా చేసివ్వమంది. నేనేమో కమ్మీ వంచిన చోటల్లా పగలగొడుతున్నాను. మొన్న ఒక నీళ్ల గొట్టం ముక్క కాలిస్తే తెల్లటి పొగ వచ్చి రెండు రోజులు జ్వరం పడ్డాను. నేను చేస్తున్న తప్పేమిటో చెప్పు.

మీ అక్క కులాసా. నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ బావ


జనవరి 24

కొత్త కమ్మరి బావగారికి పాత కమ్మరి దండాలు,

మీ ఉత్తరం మా వర్కుషాపులో పదిమందికీ చదివి వినిపించాను. గడియారం ముల్లును చిమటాతో పట్టుకునే మనిషి సుత్తి పట్టాడంటే ఎవరూ నమ్మలేదు. మా ఫోర్‌మన్ అయితే ఆ వానపాము కొక్కేన్ని పంపమంటున్నాడు, ఆఫీసులో తగిలిస్తాడట.

ముందు తిట్లు పెట్టనివ్వండి. నీళ్ల గొట్టాల మీద జింకు పూత ఉంటుంది బావగారూ, దాన్ని కాలిస్తే వచ్చేది విషం. మళ్లీ అలాంటిది కొలిమిలో పెట్టారని తెలిస్తే నేనే వచ్చి ఆ గాలి మిషను విరగ్గొడతాను. ఇక పగుళ్ల సంగతి. మీరు షెడ్డు బయట ఎండలో నిలబడి రంగు చూస్తున్నట్టున్నారు, అదీ తప్పు. ఎండలో ఇనుము ఎప్పుడూ చల్లగానే కనిపిస్తుంది, దాంతో మీరు ఎక్కువ కాల్చేస్తారు. నీడలో చూడండి. బాగా పండిన నారింజ రంగులో ఉన్నప్పుడు కొట్టండి, ఎరుపు మాసిపోగానే ఆపేయండి. ఇంకొక్క దెబ్బేగా అనిపిస్తుంది. పగిలేది ఆ దెబ్బకే.

పెద్దావిడ కోసం అన్నారు కాబట్టి ఒక పద్ధతి చెబుతాను. మా పాత మేస్త్రీ ఏ పనిముట్టుకైనా పిడి చేసేముందు, దాన్ని వాడే మనిషి చేతిలో తడిమట్టి ముద్ద పెట్టి "పిండు" అనేవాడు. ఆ ముద్ద ఆరాక దాన్ని చూసి పిడి కొట్టేవాడు. మనిషి నోటితో చెప్పే కొలత కంటే చెయ్యి చెప్పే కొలత నిజమని ఆయన లెక్క. ఆవిడ చేత కూడా ఒక ముద్ద పిండించి ఆరబెట్టి పంపండి. చూసి చెబుతాను.

అన్నట్టు, ఉత్తరం చివర అక్క ఎప్పుడూ రెండు ముక్కలు రాసేది. ఈసారి లేవేం? నా మీద కోపమా? పోయిన పండక్కి రాలేకపోయినందుకే అయితే తిట్టమనండి, కాగితం మీద తిట్లు నాకు బాగానే వినపడతాయి.

మీ బావమరిది


ఫిబ్రవరి 20

బావమరిదికి,

గడియ కుదిరింది. నీడలో నిలబడి రంగు చూడటం మొదలుపెట్టాక పగుళ్లు కూడా ఆగాయి. నలభై ఏళ్లు కంటికి భూతద్దం పెట్టుకుని బతికినవాణ్ణి, వెలుతురు ఎక్కువైతే చూపు మోసపోతుందని నాకు తట్టలేదు చూడు.

మీ అక్కకు నీ మీద కోపమేమీ లేదు. కళ్లజోడు మార్చాలి, అందుకే రాయలేదు. చెప్పేవన్నీ చెబుతూనే ఉంది, రాయడానికి నేనున్నానుగా.

పెద్దావిడ ఇప్పుడు చెంచా అడుగుతోంది. మామూలు చెంచా వేళ్ల మధ్య నుంచి జారిపోతోందట. లావుపాటి పిడి ఉంటే ఆగుతుందని బొటనవేలంత కమ్మీని సాగదీసి, మెలితిప్పి, నూనె రాసి కాల్చి నల్లగా చేశాను. దాని చివర స్టీలు చెంచా గుంటను రివెట్లతో బిగించాను. ఇంత అందమైన వస్తువు నా చేత్తో ఇంతవరకూ చెయ్యలేదు. ఆవిడ పట్టుకుంది, ఎత్తింది. నోటి దగ్గరికి వచ్చేలోపే మణికట్టు వంగిపోయి, ఉన్నదంతా ఒళ్లో పడింది. జారకూడదని లావుగా చేశాను గానీ లావైతే బరువూ అవుతుందన్న ఇంగితం లేకపోయింది నాకు.

ఆవిడకు ఒక పంతం ఉంది. తన చేత్తో తిన్నన్నాళ్లే తింటుందట. ఇంకొకరు చెంచా పట్టుకుని నోటి ముందు పెడితే మాత్రం నోరు తెరవదట. ఆవిడ భర్త బతిమాలి చూశాడు. "ఆ రోజు వస్తే అప్పుడు చూద్దాం, ముందు చెంచా సంగతి చూడు" అందిట. ఆ రోజు రాకుండా చూడాలి మనం. మనం అంటే నువ్వూ నేనూ.

మట్టిముద్ద దూదిలో చుట్టి డబ్బాలో పెట్టి పంపుతున్నాను. జాగ్రత్తగా విప్పు.

నీ బావ


మార్చి 8

బావగారికి,

ముద్ద విరక్కుండా చేరింది. దాన్ని మధ్యాహ్నమంతా బల్ల మీద పెట్టుకుని చూశాను. వేళ్ల గుర్తులు పడీపడనట్టు ఉన్నాయి. బొటనవేలి గుర్తు అసలు లేదు. ఈ చేతికి పట్టుకునే పిడి వల్ల ఉపయోగం లేదు బావగారూ. చెంచాయే చేతిని పట్టుకోవాలి.

ఎలాగంటే, పల్చటి రేకు పట్టీని అంగుళం వెడల్పున కోసి, అరచేతి చుట్టూ వచ్చేలా వంచండి. అంచులు ఆకురాయితో బాగా అరగదీయండి, లోపల మెత్తటి తోలు అంటించండి. చెంచా కాడను ఆ పట్టీకి బిగించి, మెడ దగ్గర నోటివైపు వంచేయండి. అప్పుడు మణికట్టు తిప్పే పని ఉండదు, పిడికిలి బిగించే పనీ ఉండదు. బొమ్మ వేసి వెనక పెట్టాను. బరువు మాత్రం ఎక్కడ తగ్గించగలిగితే అక్కడ తగ్గించండి.

పక్క వీధి పెద్దావిడ మీద ఇంత శ్రద్ధ ఏమిటో! అక్కకు ఈ సంగతి తెలుసా, నన్ను చెప్పమంటారా?

మీ బావమరిది


మార్చి 8

అక్కకు,

ఈ కవరు వేరేగా వేస్తున్నాను. బావ ఇంట్లో లేనప్పుడు తీసి చదువు. బావకు చూపించకు.

బావ నా దగ్గర ఒక సంగతి దాస్తున్నాడు. నీ దగ్గర కూడా దాస్తున్నాడేమోనని నా భయం. పక్క వీధి పెద్దావిడకని చెప్పి ఏవేవో చేస్తున్నాడు, నన్ను సలహాలు అడుగుతున్నాడు. మొన్న ఆవిడ చేతి అచ్చని చెప్పి మట్టిముద్ద పంపాడు. నాకు పెద్దావిడ ఎవరూ లేరనిపిస్తోంది అక్కా. తనది కానిదాని కోసం మనిషి ఇంతలా అల్లాడడు. అది బావ చెయ్యే. బావ చేతుల్లో పట్టు పోతోంది. వాచీల కొట్టు మూసేసింది కూడా అందుకేనేమో. గిరాకీ లేదని మనకు చెప్పాడు గానీ, ఆ కొట్టులో కుర్చీ ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఆ సుత్తి దాచెయ్యి. అలాంటి చేత్తో కాలిన ఇనుము పట్టుకుంటే కాలి మీద వేసుకుంటాడు. కోప్పడకు, పరువుగల మనిషి.

ముందు ముందు ఆయనకు తినిపించాల్సి వచ్చినా బెంగపడకు. నువ్వున్నావుగా. అమ్మకు రెండేళ్లు ఎంత ఓపిగ్గా తినిపించావో నాకు తెలుసు. నీకున్న ఓపిక మన ఇంట్లో ఎవరికీ లేదు.

నాకు రెండు ముక్కలు రాయి. నీ చేతిరాత చూసి చాలా రోజులైంది.

తమ్ముడు


మార్చి 19

ఒరే బావమరిదీ,

నువ్వు మీ అక్కకు రహస్యంగా రాసిన ఉత్తరాన్ని ఆమెకు చదివి వినిపించింది నేను. ఎందుకంటే మీ అక్క కవరు చింపలేదు, కాగితం మడత విప్పలేదు, పేజీ తిప్పలేదు.

పెద్దావిడ మీ అక్కే.

ఏడాదిన్నర కిందట రవికె హుక్కులతో మొదలైంది. తర్వాత తాళంచెవి, దువ్వెన, కలం. నరాల డాక్టరు కండకు కబురందించే నరాలే చచ్చిపోతున్నాయన్నాడు. మందేమిటని అడిగితే కాగితం మీద రాస్తూ నావైపు చూడలేదు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, ఆ తర్వాత భుజాలు, మెడ, మింగడం, వరస కూడా చెప్పాడు. అది విన్న రోజు నుంచి నాకు కొట్లో కూర్చోబుద్ధి కాలేదు. గిరాకీ ఉంది, నువ్వన్నది నిజమే. నా చేతులు రాయిలా గట్టిగానే ఉన్నాయి. అదే నాకు సిగ్గుగా ఉంది.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు నీ ఉత్తరం వల్ల ఒట్టు దానంతటదే తెగింది. సుత్తి దాచెయ్యమన్న చోట నవ్వింది రా, చాలా రోజుల తర్వాత. "వాడికి కళ్లు కూడా పోయినట్టున్నాయి" అంది. ఆ తర్వాత అమ్మకు తినిపించిన సంగతి వచ్చేసరికి "ఇక చదవకు" అని మొహం తిప్పేసుకుంది. మీ అమ్మ గుర్తొచ్చి కాబోలు అనుకున్నాను.

పట్టీ చెంచా పనిచేసింది. మూడుసార్లు చేసి పారేసి, నాలుగోసారికి కుదిరింది. నిన్న పళ్లెం మొత్తం తన చేత్తో తింది. గంటా పది నిమిషాలు పట్టింది. నేను బల్లకు ఇవతల కూర్చుని ఊపిరి బిగబట్టుకుని చూస్తుంటే, "అలా చూస్తే నాకు మింగుడు పడదు, వెళ్లి నీ బొగ్గులు ఊదుకో" అని కసిరింది.

నువ్వు ఇది చదవగానే బయల్దేరతావని తెలుసు. వద్దంటోంది. ఎంత చెప్పినా "వాడు రావద్దు" అనే అంటోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

నీ బావ


మార్చి 30

బావా,

మీ ఉత్తరం వర్కుషాపులో నిలబడే చదివాను. తర్వాత ఏం చేశానో నాకు గుర్తులేదు. పని మధ్యలో వదిలేసి గేటు దాటి వెళ్లిపోయానని మావాళ్లు చెప్పారు. ఆ మట్టిముద్ద ముందు కూర్చుని మీ మీద జోకులు వేశాను నేను. అక్క చెయ్యిని బల్ల మీద పెట్టుకుని జోకులు వేశాను.

నన్ను ఎందుకు రావద్దంటోందో నాకు తెలుసు. మీకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ మంచాన ఉన్నప్పుడు నేను సెలవు మీద వచ్చానుగా. ఒక మధ్యాహ్నం అక్కను పడుకోమని చెప్పి నేను తినిపించడానికి కూర్చున్నాను. అమ్మ నోరు తెరవలేదు. ఒకసారి చెప్పాను, పదిసార్లు చెప్పాను. నా బండ చేతికి ఓపికెక్కడిది? చెంచా పళ్ల మధ్య దూర్చి తిప్పాను. అమ్మ ముందరి పన్ను విరిగింది. నెత్తురు చూసి తలెత్తితే గుమ్మంలో అక్క. ఒక్క మాట అనలేదు. చెంచా నా చేతిలోంచి తీసుకుని, అమ్మ మూతి తుడిచింది. నేను ఆ సాయంత్రమే బస్సెక్కేశాను. చెంచా పట్టుకున్న నన్ను అక్క మళ్లీ చూడాలనుకోవడం లేదు. తన చోట నేనున్నా అంతే.

ఈ పేజీ తనకు చదివి వినిపించండి. ఇన్నాళ్లూ నేను నోటితో చెప్పలేకపోయాను.

భుజం పోతుందని డాక్టరు అన్నాడు కాబట్టి ముందే ఒకటి చేద్దాం. బల్ల అంచుకు బిగించే ఇనప చెయ్యి. మధ్యలో రెండు కీళ్లు, చివర మోచేతిని పడుకోబెట్టే దోనె. చెయ్యి బరువంతా అది మోస్తుంది, అక్క ఊరికే ఇటు అటు కదిపితే చాలు. కమ్మీ కొట్టడం నేను చెబుతాను. కీళ్లు మాత్రం మీవే. గాలికి కూడా తిరిగేంత తేలిగ్గా ఇరుసు కూర్చడం నాకు చేతకాదు. మా పని ముతక పని. అది వాచీ పని.

మీ బావమరిది


ఏప్రిల్ 26

బావమరిదికి,

ఇనప చెయ్యి తయారైంది. ఆరు రోజులు పట్టింది. కమ్మీలు నీ పద్ధతిలో కొట్టాను. ఇరుసుల మొనలు నా పాత లేతు మీద తిప్పి, వాచీకి వాడే నూనె చుక్క వేశాను. దోనె ముందు నిలబడి ఉఫ్ అంటే తిరిగేది. నువ్వు చూసి ఉంటే నన్ను నీ వర్కుషాపులో చేర్చుకునేవాడివి.

తొమ్మిది రోజులు తింది. పదోరోజు దోనెలో చెయ్యి పెట్టాను, చెంచా కట్టాను, పళ్లెం జరిపాను. ఏమీ కదల్లేదు. కాసేపు చెయ్యివైపు చూసింది. తర్వాత నావైపు చూసి "తీసెయ్యి" అంది.

వారమైంది. స్ట్రాతో పాలు తాగుతుంది, అంతే. నా చేత్తో చెంచా పెడితే పెదవులు బిగించేస్తుంది. అరిచాను కూడా ఒకరోజు. అరిచి, షెడ్డులోకి వెళ్లి, కొలిమి వెలిగించి, ఏం చెయ్యాలో తెలియక ఒక కమ్మీని సాయంత్రం దాకా ఊరికే కొడుతూ కూర్చున్నాను. చివరికి అది ఏ వస్తువూ కాలేదు.

నువ్వు చదవమన్న పేజీ చదవలేదు. ఉన్న బాధకు ఇదొకటి ఎందుకని దాచాను. నన్ను తిట్టుకో.

ఇంకొక్కటి ఏదైనా చెప్పరా. స్ప్రింగు పెడదామా? కాలితో తొక్కితే పైకి లేచే మీట? కాలు ఇంకా కొంచెం ఆడుతోంది. గీసి పంపు, నేను ఎలాగైనా చేస్తాను.

నీ బావ


మే 6

బావా,

నాలుగు రోజులు గీశాను. మీట గీశాను, స్ప్రింగు గీశాను. ఫోర్‌మన్‌కు చూపించాను, ఆయనా తల గీరుకున్నాడు. చెయ్యొచ్చు. చేస్తే వారం పనికొస్తుంది, తర్వాత కాలూ పోతుంది. అప్పుడు మళ్లీ నాకు రాస్తారు. ఇనుముతో అయ్యే పని అయిపోయింది బావా. ఈ మాట కమ్మరిగా చెబుతున్నాను.

ఇక మిగిలింది మీ చెయ్యే. నాలా కుక్కకండి. చెంచా చూపించి కింద పెట్టేసి ఊరుకోండి. తను తెరిస్తేనే పెట్టండి. తెరవకపోతే పళ్లెం తీసేయండి.

ఆ పేజీ మాత్రం చదవండి. నా వల్లే నోరు బిగిస్తోందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. నేను రావచ్చో లేదో అడగండి.

మీ బావమరిది


మే 17

బావమరిదికి,

చదివాను. మధ్యలో ఆపమంటుందేమోనని చూశాను, ఆపమనలేదు. పన్ను దగ్గరికి వచ్చేసరికి "మళ్లీ చదువు" అంది. రెండోసారి చదివాను.

ఇప్పుడు తన మాట బాగా ముద్దగా వస్తోంది, ఒక్కో ముక్కా నేను తిరిగి చెప్పి సరేనా అని అడగాలి. అలా అరపూట కూర్చుని పోగుచేసిన మాటలివి. "వాడు ఒక్కసారి. నేను రెండేళ్లు" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మీ అమ్మ నోరు తెరవకపోతే ముక్కు మూసి పట్టుకునేదట. ఊపిరి కోసం తెరవగానే చెంచా పెట్టేదట. రోజూ రెండు పూటలా. నేను కొట్లో ఉండేవాణ్ణి, నాకేం తెలుసు? ఇంటికొచ్చేసరికి పళ్లెం ఖాళీగా ఉండేది, మీ అక్క ఓపికకు మురిసిపోయేవాణ్ణి. ఊళ్లో అందరికీ చెప్పేవాణ్ణి కూడా. "అమ్మ చివరి రోజుల్లో నన్ను చూస్తే తనే ముక్కు మూసుకునేది" అంది. నువ్వు పన్ను విరగ్గొట్టిన రోజు గుమ్మంలో నిలబడి ఏమీ అనకపోవడానికి కారణం అదేనట. అనడానికి తనకు మొహం లేదట. నిన్ను రావద్దన్నది నీ తప్పు వల్ల కాదురా. నీకు తన ఓపిక మీద ఉన్న నమ్మకాన్ని చూడలేక.

మంచిదానివే అని చెబితే అబద్ధంలా ఉంటుంది, చెప్పకపోతే ఇంకా అన్యాయం. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. అది తిరిగి పట్టుకోదు.

నువ్వన్నట్టే చేశాను. పళ్లెం పెట్టాను, చెంచా చూపించాను, కింద పెట్టాను. మొదటి రోజు తీసేశాను. రెండో రోజూ తీసేశాను. ఈరోజు మధ్యాహ్నం అన్నం చల్లారిపోయి, నేను లేవబోతుంటే నోరు తెరిచింది. మూడు చెంచాలు తింది. నావైపు చూడలేదు, గోడవైపు చూస్తూ మింగింది. నాలుగోది ఎత్తబోతే వద్దన్నట్టు కళ్లు మూసుకుంది. నేను వెంటనే కింద పెట్టేశాను. పెట్టేశానా లేదా అని కళ్లు తెరిచి చూసుకుంది.

మూడు చెంచాలకు సంతోషపడేంత వెర్రివాణ్ణి కాను. డాక్టరు చెప్పిన వరసలో ఇక మిగిలింది మింగడమే. మొన్న పాలకు రెండుసార్లు పొలమారింది. శీతాకాలం దాకా ఉంటుందని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

నువ్వు రావచ్చో లేదో అడిగాను. తను ఒక్కో మాటే చెబితే నేను తిరిగి చెప్పి, తను సరే అన్నాకే రాస్తున్నాను.

"రమ్మను. భోజనం వేళకు మాత్రం వద్దు."

నీ బావ